క్రేప్ దండా, మడత పూలా, చింపుడు మోదుగా? వృద్ధాశ్రమం గోడకి ఏది మేలు?

ఫాల్గుణం దిగిందంటే నాకు ఫోన్లు మొదలు. మా ఒడిశా వైపు గుణుపురం నుంచి ఒకరు, పర్లాకిమిడి నుంచి ఒకరు, బరంపురం నుంచి ఇద్దరు. "మా ఆశ్రమంలో ఉగాదికి హాలు గోడ అలంకరించాలండీ, పెద్దవాళ్ల చేతే చేయించాలి. క్రేప్ పూలు మేలా, మడత పూలా, ఇంకేమైనా ఉందా?" అని. రాయగడలో ఒక వృద్ధాశ్రమానికి వారానికి రెండు మధ్యాహ్నాలు వెళ్లి కాగితం పని చేయిస్తుంటాను కాబట్టి అడుగుతారు. అందరికీ తలా అరగంట చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

మా హాల్లో తెలుగు మామ్మలూ ఒడియా ఆయిలూ (వాళ్ల భాషలో ఆయి అంటే అమ్మమ్మ) పక్కపక్క మంచాల్లోనే ఉంటారు. అందుకని ఉగాదికి ఎక్కిన అలంకారం ఏప్రిల్ మధ్యలో వచ్చే పణా సంక్రాంతి, అంటే ఒడియావాళ్ల కొత్త సంవత్సరం, అయ్యేదాకా దిగకూడదు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది కాబట్టి వారం కూడా ఆగనక్కర్లేకపోయింది. 2026లో మార్చి 19నే ఉగాది. అంటే దాదాపు నాలుగు వారాలు సీలింగ్ ఫ్యాను గాలికి తట్టుకోవాలన్నమాట.

ముందు క్రేప్ సంగతి, అదే, సన్న ముడతలతో సాగే కాగితం. అందంలో దీన్ని కొట్టేది లేదు. ముక్కని రెండు బొటనవేళ్లతో మధ్యలో సాగదీస్తే కడుపు వచ్చి అచ్చం పూరేకులా ఒంపు తిరుగుతుంది. చిక్కంతా ఆ సాగదీయడంలోనే ఉంది. కీళ్లవాతం ఉన్నవాళ్లలో చాలామందికి నొప్పి ఉండేది బొటనవేలి మొదట్లోనే. పది రేకులయ్యేసరికి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. పైగా తడి తగిలితే రంగు వదిలేస్తుంది. ఒకసారి మజ్జిగ గ్లాసు ఒలికి ఒక మామ్మగారి తెల్లచీర చెంగు గులాబీరంగు పట్టింది, అది ఇప్పటికీ వదల్లేదు.

అలాగని క్రేప్‌ని పూర్తిగా కొట్టిపారేయను. రెండంగుళాల వెడల్పున పట్టీలు కత్తిరించి, కుచ్చులు తిప్పి, పక్కన దారపు ఉండ పెట్టి చూడండి. జీవితమంతా పూలు కట్టిన చేతులవి. శుక్లాలతో చూపు మసకైన ఒక ఆయి, కిటికీ వైపు మొహం పెట్టి కోడలి మీద చాడీలు చెబుతూ, కిందకి ఒక్కసారైనా చూడకుండా మూర దండ కట్టేసింది. కాబట్టి క్రేప్ కొనాలనుకుంటే దండలకే కొనండి, గులాబీల జోలికి పోకండి.

మడత పూలు ఎందుకో మగవాళ్లకి బాగా నచ్చుతాయి. ఏ4 కాగితాన్ని అంగుళం చొప్పున అటొకసారి ఇటొకసారి విసనకర్రలా మడవడం, మధ్యకి వంచి అలాంటివి రెండు మూడు కలిపి అతికించడం మీకు తెలిసిందే. మా దగ్గర పేపరు మిల్లులో చేసి రిటైరైన తాతగారొకరున్నారు. కాగితాన్ని వేళ్ల మధ్య ఒక్కసారి రాసి "ఇది 70 జీఎస్ఎం, మడత నిలవదమ్మా" అనేస్తారు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. కాగితంలో నార ఒక దిక్కుకే పడుకుని ఉంటుందనీ, ఆ దిక్కున మడిస్తే గీత గీసినట్టు వస్తుందనీ, అడ్డంగా మడిస్తే విరుగుతుందనీ నాకు నేర్పింది ఆయనే. దినపత్రికని ఒక దిక్కున చింపితే తిన్నగా వస్తుంది, రెండో దిక్కున చింపితే వంకర్లు పోతుంది, చూడండి. కారణం అదే.

కానీ మడతకి ఒప్పూ తప్పూ ఉన్నాయి. ప్రతిసారీ కాగితం తిరగెయ్యాలి. మతిమరుపు మొదలైనవాళ్లకి ఏ వైపు మడిచామో గుర్తుండదు. ఒక్క మడత తప్పితే పువ్వు కుంటుతుంది, ఆ కుంటడం గోడ మీద పది అడుగుల దూరం నుంచీ కనిపిస్తుంది.

ఇక్కడ నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక మామ్మగారి పువ్వు అలాగే కుంటింది. మర్నాడు కమిటీవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. ఆవిడ పడుకున్నాక దాన్ని విప్పి, నీటుగా మళ్లీ మడిచి, అదే చోట అతికించి ఇంటికి పోయాను. పొద్దున్న ఆవిడ గోడ దగ్గరకొచ్చి చాలాసేపు నిలబడింది. "ఇది నాది కాదు. నాదిలాగ నేదు. ఎవులో మార్సీసినారు" అంది. ఎవరని అడగలేదు. ఆ వారమంతా కాగితం ముట్టుకోలేదు.

అప్పట్నుంచీ ఏ పనైనా గోడకెక్కే ముందు నేను చూసేది ఒకటే: చివరి చెయ్యి ఎవరిది? మనం దిద్దితే తప్ప నిలవని పని వాళ్ల చేత చేయించకూడదు. రంగులూ ఖర్చూ అన్నీ దీని తరవాతే.

అందుకే నా ఓటు చింపి అతికించే మోదుగు చెట్టుకి. ఈ రోజుల్లో రాయగడ నుంచి గుణుపురం వైపు బస్సెక్కితే కొండవాలుల్లో మోదుగులు ఎలా ఉంటాయో తెలుసు కదా, ఆకు రాలిపోయి ఒట్టి కొమ్మల నిండా పూలే. అంటే మనం ఆకులు చేయక్కర్లేదు. నల్ల చార్టుతో మాను, కొమ్మలు ఒక్కటే మనం కత్తిరించి ఇవ్వాలి. మిగతాదంతా నారింజరంగు కాగితం చింపడమే. మోదుగుని సంస్కృతంలో కింశుకం అంటారు, 'ఇది చిలకా ఏమిటి?' అని. ముక్కులా వంకర తిరిగిన పువ్వు అది. చేత్తో చింపిన ముక్క వంకరగానే వస్తుంది, ఇంకేం కావాలి? ఒకవైపే రంగున్న గ్లేజు కాగితమైతే చింపిన అంచున సన్నగా తెల్లగీత పడుతుంది, రేకు అంచుకి వెలుగు తగిలినట్టు. చేతులు వణికేవాళ్ల ముక్కలకి ఆ గీత ఇంకా అందంగా వస్తుంది.

చింపడం మొదలుపెట్టడమే కష్టం, కాబట్టి అంచున చిన్న గాటు పెట్టి ఇవ్వండి. పట్టు బొత్తిగా లేనివాళ్లకి తడివేలితో కాగితం మీద గీత గీస్తే ఆ దారినే చిరుగుతుంది. పక్షవాతం వచ్చి ఒక చెయ్యే ఆడేవాళ్లకి కాగితం మీద ఇసుక సంచి బరువుంచండి.

రంగు విషయం కూడా దీనికే కలిసొస్తుంది. వయసు మీద పడితే కంటి లెన్సు పసుపుబారుతుంది, నీలానికీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు. వసంతమని లేత నీలం మీద లేత ఆకుపచ్చ చిగుళ్లు అతికిస్తారే, అవి మనకి తప్ప వాళ్లకి ఆనవు. తెల్లటి గుడ్డ మీద నల్లకొమ్మ, నారింజ పువ్వు ఎవరికైనా ఆనుతాయి.

జిగురు మైదాతో ఇంట్లోనే ఉడికించండి, నోట్లో పెట్టుకున్నా భయం లేదు. పురుగు పట్టకుండా పుస్తకాల బైండింగువాళ్లు మైలతుత్తం కలుపుతారు, మీరు కలపకండి. అది విషం.

లోపం లేదా అంటే ఉంది. ఫొటోలో క్రేప్ అంత వెలగదు. "చిన్నపిల్లలు చేసినట్టుందండీ" అని కమిటీలో ఒకాయన నా ఎదుటే అన్నారు. నేల నిండా కాగితపు తుంపులు, ఊడ్చే అమ్మాయి గొణుగుడు. ఉండనివ్వండి. ఆ మామ్మగారే కిందటేడు చూడ్డానికొచ్చిన కొడుకుని చెట్టు కిందకి తీసుకెళ్లి "అదుగో, మూడో కొమ్మ సివర ముద్దలాగ ఉంది సూడు, అది నాను సింపిందే" అని చూపించింది.

తక్కినవి ఊరికే చెబుతాను. సన్నటి కాగితపు పట్టీలు చుట్టలు చుట్టే క్విల్లింగ్ కళ్లకి శిక్ష. ఒరిగామి కొంగలు నాకే సరిగ్గా రావు. చేతి అచ్చుల చెట్టు బడిపిల్లలకి వదిలేయండి. రంగు కడుక్కోవడానికే ఒక పూట పోతుంది.

ఏది చేసినా మనం నిలబడి చూసే ఎత్తులో తగిలించకండి. చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ల కన్ను నాలుగు అడుగుల లోపే ఉంటుంది. టేపు వేస్తే సున్నం పెచ్చులూడి వస్తుంది కాబట్టి మేము పాత తెల్లదుప్పటి మీద చెట్టు అతికించి, దుప్పటిని మేకులకి వేలాడదీస్తాం. పణా సంక్రాంతి మర్నాడు దుప్పటితో సహా చుట్టి బీరువా మీద పెట్టేస్తాం. మొన్న విప్పి చూస్తే మైదా రుచి మరిగిన బొద్దింకలు రెండు కొమ్మల పూలు తినేశాయి. మామ్మగారిది మూడో కొమ్మ, దానికేం కాలేదు. మిగతా రెండూ మంగళవారం చింపడం మొదలుపెడతాం.