ట్యూబ్‌లెస్ టైర్లా, ట్యూబు టైర్లా: కోనసీమలో ఏళ్ల తరబడి వాడిన మీదట

మా ఇంట్లో మోటారుసైకిలు, కారు, కొబ్బరితోటలో తిరిగే మినీ ట్రాక్టరు ఉన్నాయి. మొదటి రెండింటికీ ట్యూబ్‌లెస్ టైర్లు, ట్రాక్టరుకు ట్యూబు టైర్లు వాడుతున్నాను. మధ్యలో ట్రాక్టరు ముందు చక్రాలకు ట్యూబ్‌లెస్ వేయించి, సార్వా (వానాకాలపు వరి)లోనూ దాళ్వా (రెండో పంట)లోనూ నడిపించాను. ఇన్నేళ్ల వాడకంలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చేది టైరు కాదు, రిమ్ము. ట్యూబ్‌లెస్ టైరు లోపలి పొర గాలిని ఎంత బాగా ఆపినా, టైరు అంచు రిమ్ముకు ఆనే చోట వెంట్రుకవాసి సందు ఉన్నా ఆ గాలి నిలవదు.

రోడ్డు బండ్ల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ట్యూబు టైరులో మేకు దిగితే ట్యూబు చిరిగి, గాలి వాల్వు రంధ్రం గుండా, రిమ్ము సందుల గుండా ఒక్కసారిగా పోతుంది. వేగంలో ఉన్న బండి హ్యాండిలు చేతిలో నిలవదు. ట్యూబ్‌లెస్‌లో అదే మేకును రబ్బరు పట్టి ఉంచడం వల్ల గాలి మెల్లగా దిగుతుంది. రాజోలు నుంచి దిండి–చించినాడ వంతెన మీదుగా నరసాపురం వైపు వెళ్లే 216వ నంబరు జాతీయ రహదారిలో రాత్రిపూట కుటుంబంతో వస్తున్నప్పుడు ఈ తేడా ఎంత విలువైనదో నాకు తెలుసు. మేకును పీకకుండా, గాలి కొట్టుకుంటూ దగ్గరి షాపు దాకా రావచ్చు. అక్కడ చక్రం విప్పకుండానే రంధ్రంలోకి రబ్బరు స్ట్రిప్పు దూర్చి పంపుతారు. అయితే స్ట్రిప్పు పనికొచ్చేది నేలకు ఆనే భాగంలో, అదీ సుమారు 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రానికే. పక్క గోడ కోసుకుపోతే ఆ టైరు పని అయిపోయినట్టే. ఊచల చక్రాలున్న మామూలు బండ్లకు ఈ చర్చ అక్కరలేదు, ఎందుకంటే ప్రతి ఊచ రిమ్ములోకి దిగే చోటా ఒక రంధ్రం ఉంటుంది కాబట్టి ట్యూబు తప్పదు.

ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. మా తోటలో కొబ్బరి వరసల మధ్య కోకో, అరటి ఉంటాయి. తోట దాటితే వరిచేను. దమ్ము చేసేటప్పుడు, అంటే నాట్లకు ముందు నీటిలో మట్టిని బురదగా కలియదున్నేటప్పుడు, దానికోసం ఉండే ఇనుప దమ్ము చక్రాలు తగిలించినా, ముందు టైర్లు గంటల తరబడి బురదనీటిలోనే తిరుగుతాయి. ఎరువు కలిసిన చేను నీరు, సముద్రం వైపు గ్రామాల్లో ఉప్పు గాలి, రొయ్యల చెరువుల పక్క బాటల్లో ఉప్పునీరు, ఇవన్నీ కలిసి ఇనుప రిమ్మును లోపలి నుంచే తినేస్తాయి. నేను వేయించిన ట్యూబ్‌లెస్ టైర్లు మొదట్లో ఏ ఇబ్బందీ పెట్టలేదు. తరవాత పొద్దున నింపిన గాలి మర్నాటికల్లా సగం దిగడం మొదలైంది. టైరులో ముల్లు లేదు, మేకు లేదు. సబ్బునీళ్లు పోసి చూస్తే రిమ్ము అంచు చుట్టూ ఆవగింజంత బుడగలు వరసగా లేస్తూ కనిపించాయి. టైరు విప్పితే, అది ఆనే గాడిలో తుప్పు పొరలు పొరలుగా లేచి, వాటి కింద మెత్తని బురద చేరి ఉంది. ఉప్పు కాగితంతో రుద్ది, రంగు వేయించి మళ్లీ బిగిస్తే కొన్నాళ్లు బాగానే ఉండి, వానలు పడగానే మళ్లీ మొదటికొచ్చింది. టైరులోకి పోసే సీలెంటు ద్రవం తుమ్మముల్లు రంధ్రాన్ని చక్కగా పూడుస్తుంది గాని, తుప్పు సందును పూడ్చలేకపోయింది.

ఇంకో చిక్కు తక్కువ గాలి. మెత్తని నేలలో పట్టు కోసం గాలి తగ్గించి నడపడం అందరూ చేసేదే. ఆ స్థితిలో గట్టు మలుపు తిరిగేటప్పుడు ట్యూబ్‌లెస్ టైరు అంచు రిమ్ము నుంచి జారితే ఉన్న గాలి అంతా అక్కడే పోతుంది. దాన్ని తిరిగి కూర్చోబెట్టాలంటే ఒక్క ఉదుటున గాలి కొట్టే కంప్రెసరు కావాలి, పొలం గట్టు మీద చేతిపంపుతో అయ్యే పని కాదు. ట్యూబు ఉంటే అంచు కాస్త కదిలినా గాలి నిలుస్తుంది, ట్యూబు మారిస్తే చేతిపంపుతోనే చేలోంచి బయటపడవచ్చు.

ట్యూబుకూ బాధలు ఉన్నాయి. గాలి మరీ తగ్గితే టైరు రిమ్ము మీద కొంచెం కొంచెంగా తిరుగుతుంది, దానితోపాటు ట్యూబూ తిరుగుతుంది, కాని వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. చివరికి వాల్వు మొదట్లోనే తెగుతుంది. అందుకే చేలోకి దిగేముందు మా పాలేరు, నేను ఇద్దరం వాల్వు నిటారుగా ఉందా, పక్కకు వాలిందా అని చూస్తాం. వాలితే గాలంతా తీసి, టైరును సర్ది, మళ్లీ నింపాల్సిందే. వెనక టైర్లలో బరువు కోసం నీళ్లు నింపేవారికి కూడా ట్యూబే మేలని నా అభిప్రాయం. వాల్వును పైకి తిప్పి నింపితే ముప్పావు వంతు దాకా పట్టే ఆ నీరు, ట్యూబు లేకపోతే నేరుగా రిమ్మునే తడుపుతూ ఉంటుంది.

పాత ట్రాక్టరు కొనేవారు టైరు గుబ్బలు ఎంత మిగిలాయో చూసి సరిపెట్టుకోకుండా, ఒక ముందు చక్రమైనా విప్పించి రిమ్ము గాడిని వేలితో తడిమి చూడాలి. గాడి నున్నగా ఉండి, బండి ఎక్కువగా తారురోడ్డు మీద తిరిగేదైతే ట్యూబ్‌లెస్ నిశ్చింతగా వేయించుకోవచ్చు. వేలికి పెచ్చులు తగిలితే ట్యూబు వేయించుకోండి, అదీ రిమ్మును శుభ్రంగా గీకించాకే, లేదంటే ఆ పెచ్చులే ట్యూబును కోసేస్తాయి. ట్యూబ్‌లెస్ టైరులోనే ట్యూబు వేసి నడపడం మా వైపు మామూలే గాని, దాని లోపలి గీతలు ట్యూబును రాస్తూ ఉంటాయి కాబట్టి కారులోనూ మోటారుసైకిలులోనూ దాన్ని కొత్త టైరు దొరికేదాకా, అదీ నిదానంగా నడిపేందుకే వాడాలి.