వరద దృశ్యాలు వదలని వారికి టెలీ మానస్ 14416

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు అవే దృశ్యాలు టీవీల్లో పదే పదే తిరిగాయి. నీళ్లు తీసినా, ఆ క్లిప్పు కనబడితే చాలామందికి మళ్లీ గుండెదడ.

2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఇలాంటప్పుడు నిజంగా అక్కరకొస్తుంది. ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. ఇబ్బందల్లా మొదట్లో భాష కోసం అంకె నొక్కడమే. పెద్దవాళ్లు అక్కడే తడబడి ఫోన్ పెట్టేస్తారు. అంకె మీరే నొక్కి, అవతల మనిషి పలికాకే ఫోన్ చేతికివ్వండి. అంతకుముందే టీవీ కట్టేయండి! వెనక బ్రేకింగ్ న్యూస్ మోగుతుంటే ఏ ఓదార్పూ చెవికెక్కదు. నెల దాటినా వాన చప్పుడుకే వణుకుతుంటే, నేరుగా ఏ ఆసుపత్రిలో చూపించుకోవాలో ఆ ఫోన్‌లోనే అడగండి.