అనంతపురంలో చిన్న హాలు, పెద్ద మైకు

అనంతపురంలో నాటకం చూడాలంటే ఎవరైనా ముందు చెప్పేది లలిత కళా పరిషత్ పేరే. మేం వెళ్లింది అక్కడికి కాదు. పాతూరు సందుల్లో ఒక చిన్న హాలు. వంద కుర్చీలు వేస్తే మధ్యలో నడిచే దారి ఉండదు. స్టేజీ మోకాలెత్తు కూడా లేదు. టికెట్ పెట్టలేదు, గేటు దగ్గర విరాళాల డబ్బా ఉంది, వేస్తే వేయొచ్చు. కర్నూలు నుంచి పనిగట్టుకుని దీనికోసం వెళ్లాలా అని మా ఇంట్లో అడిగారు. నాటికకైతే తప్పకుండా వెళ్లొచ్చు. పద్యనాటకానికైతే ఎక్కడ కూర్చోవాలో తెలుసుకుని వెళ్లాలి.

కార్డులో సాయంత్రం ఆరున్నర అని వేశారు. ఆరున్నరకు మైకు టెస్టింగే జరుగుతోంది. ఆ తర్వాత జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు. ఒకరికి కప్పిన శాలువా మడతపెట్టేలోగా ఇంకొకరి పేరు పిలుస్తున్నారు. తెర లేచేసరికి ఎనిమిది దాటింది. అలాగని ఆలస్యంగా వెళ్తే మంచి కుర్చీ దొరకదు. మా బావ ఆరింటికే వెళ్లి మూడో వరసలో రెండు కుర్చీల మీద కర్చీఫులు వేసి టీకి బయటికొచ్చాడు. తిరిగొచ్చేసరికి వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆర్టీసీ బస్సులో నడిచే మర్యాద నాటకాల హాల్లోనూ నడుస్తుందన్నమాట. ముందున్న సోఫాలు పెద్దమనుషులవి. సన్మానాలు కాగానే వాళ్లు లేచి వెళ్లిపోయారు, పిల్లలు ఎక్కి కూర్చున్నారు. ఖాళీ అయ్యాయి కదా అని మనం పోకూడదు. అక్కడ స్టేజీ పక్క తెరల చాటు నుంచి డైలాగ్ అందించే ప్రాంప్టింగ్ కూడా వినిపిస్తుంది, డైలాగ్ రెండుసార్లు విన్నట్టు ఉంటుంది.

మొదటిది గంటసేపు సాగే సాంఘిక నాటిక. బోర్ల మీద బోర్లు వేసి అప్పులపాలైన ఇంటి కథ. కొత్త కథేమీ కాదు, ఈ జిల్లాలో అలాంటి ఇల్లు లేని ఊరు వెతకాలి. కానీ తండ్రి వేషం వేసినాయన ప్రామిసరీ నోటు మడిచి జేబులో పెట్టుకోబోయి, ఆగి, మళ్లీ తీసి ఇంకో మడత వేశాడు. ఆ కాగితం చప్పుడు మూడో వరసకి వినబడింది. నా పక్కనున్న పెద్దాయన తనలో తనే, "రాసిచ్చేసినాడప్పా" అన్నాడు. పెద్ద ఆడిటోరియంలో ఆ మడత ఎవరి కంటా పడదు, ఆ నటుడు గొంతెత్తి ఏడవాల్సి వచ్చేది. నాకైతే ఆ ఒక్క మడతకే బస్సు చార్జీలు గిట్టుబాటయ్యాయి.

ఇంత దగ్గరగా ఉంటే చిక్కూ ఉంది. వెనక ఎవరికో ఫోన్ మోగింది. ఆయన ఎత్తి, "నాటకంలో ఉండా, మళ్లా చేస్తా" అని నింపాదిగా చెప్పాడు. స్టేజీ మీద తల్లి వేషం వేసినామె ఆయన మాట అయ్యేదాకా చెంగు సర్దుకుంటూ నిలబడి, అప్పుడు తన మాట అందుకుంది. ఆమె ఓపికకు దండం పెట్టాలి.

రెండోది పద్యనాటకం, కృష్ణరాయబారం సీను. మైదానంలో జాతరకు పెట్టే సౌండ్ బాక్సులు తెచ్చి ఆ హాల్లో పెట్టారు. కృష్ణుడు మొదటి రాగం తీయగానే చెవులు గింగిర్లెత్తాయి. లేవబోతుంటే పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడే యాడికి పోతావప్పా? అసలు పద్యం ఇంకా రాలేదు." వెనక్కి పోయి వింటానని చెప్పి తలుపు దగ్గర నిలబడ్డాను. అక్కడ సరిగ్గా కుదిరింది. గాలి తగులుతుంది, హార్మోనియం విడిగా వినిపిస్తుంది, కృష్ణుడి నీలిరంగు చెమటకి మెడ మీదికి జారడం కనిపించదు. "వన్స్ మోర్" అన్నప్పుడల్లా ఆయన అదే పద్యం ఇంకాస్త సాగదీసి పాడాడు. ఆయన కంటే ముందే చివరి పాదం సగం హాలు పూర్తి చేసేస్తోంది. నిర్వాహకులు ఆ బాక్సుల్లో ఒకటి తీసేస్తే చాలు, మూడో వరసలోనే కూర్చుని వినొచ్చు.

బస చెప్పుకోదగ్గదేం కాదు. బస్టాండు దగ్గర లాడ్జి, గది శుభ్రంగానే ఉంది, ఏసీ చప్పుడే ఎక్కువ. పదకొండింటికి షట్టర్ దించేస్తారని మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. మేం వచ్చేసరికి పన్నెండు. వాచ్‌మన్ లేవడానికి పావుగంట పట్టింది. నాటకానికి వెళ్లేవాళ్లు గది తీసుకునేటప్పుడే ఆ మాట అడగండి. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ బ్రహ్మాండం. మధ్యాహ్నం రాగి సంగటిలోకి చెనక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి) వేశారు, బావ రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

మర్నాడు తాడిపత్రి వెళ్లాం, బస్సులో గంటన్నర. పేరున్న రంగస్థల నటుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టింది అక్కడే. అప్పటికి అనంతపురం జిల్లానే లేదు, 1882లో బళ్లారి నుంచి విడదీశారు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆంధ్ర నాటక పితామహుడు. ఆడ వేషాలు ఆడవాళ్లే వేయాలని ఆ రోజుల్లోనే పట్టుబట్టిన మనిషి రాఘవ. ముందురోజు రాత్రి తల్లి వేషం వేసినామెను కోస్తా నుంచి పిలిపించామని, ఊళ్లో ఆడవాళ్లు ముందుకు రావడం లేదని నిర్వాహకుల్లో ఒకాయన అన్నాడు. ఆ మాట తాడిపత్రిలో ఇంకోసారి గుర్తొచ్చింది.

గుళ్ల సంగతికొస్తే, పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి పొద్దున్నే చూడాలి. లింగం దగ్గర నీళ్లు ఊరుతూనే ఉంటాయి. పూర్తికాని గోపురాల మీద చెక్కడం చూస్తుంటే మెడ నొప్పి పుడుతుంది, అయినా చూపు తిప్పుకోలేం. చింతల వెంకటరమణస్వామి గుళ్లో రాతి రథంలా కట్టిన గరుడ మండపం ఉంది, అక్కడ నీడ కూడా దొరుకుతుంది. తిరుగు దారిలో గుత్తి కోట కూడా ఎక్కేద్దామని బావ అన్నాడు గానీ, ఎండలో ఆ కొండ ఎక్కడం అయ్యే పని కాదు. కోటకు వేరే రోజు, అదీ చలికాలంలో పెట్టుకోండి.