చలికి మొరాయించే డీజిల్ కారుకి చింతపల్లిలో మంచి మెకానిక్

లంబసింగి, చింతపల్లి వైపు డీజిల్ బండి నడిపేవాళ్ల కోసం రాస్తున్నాను. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ తెల్లవారుజాము చలి ఎలా ఉంటుందో తెలిసిందే. నా కారు మధ్యాహ్నం తాళం తిప్పగానే స్టార్టయ్యేది. పొద్దున్నే మాత్రం సెల్ఫ్ గట్టిగానే తిరిగినా ఇంజిన్ అందుకునేది కాదు. ఎలాగో అందుకున్నాక బండంతా వణుకు, వెనక కళ్లు మండే తెల్లపొగ. కాసేపటికి మామూలుగా తిరిగేది.

విశాఖలో ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, ఘాట్ దిగి వేడి మీదున్న బండికి స్కానర్ తగిలించి లోపం చూపే కోడ్ ఏదీ లేదన్నారు. ముందు బ్యాటరీ మార్చమన్నారు, తర్వాత ఇంజెక్టర్లు విప్పాలన్నారు. ఒప్పుకోలేదు.

చింతపల్లిలో రోడ్డు పక్క రేకుల షెడ్డు మెకానిక్ అయితే బానెట్ కూడా ఎత్తలేదు. "వేడెక్కిన బండి చూసి ఏం చెప్తాం మాస్టారూ, రాత్రికి ఇక్కడే వదిలేయండి. పొద్దున్నే మీరొచ్చేదాకా తాళం ముట్టుకోను" అన్నాడు. ఈ ఒక్క మాటకే అతని మీద గురి కుదిరింది.

తెల్లారి వెళ్లేసరికి బానెట్ మీద మంచు ఇంకా ఆరలేదు. ముందు బ్యాటరీకి మీటర్ పెట్టాడు, 12.5 వోల్టులు. నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు, 10 కంటే కిందికి దిగలేదు. బ్యాటరీ బాగుందని తేల్చేశాడు. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్గులుండవు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చలికి ఆ వేడి చాలదు కాబట్టి సిలిండర్‌కి ఒకటి చొప్పున, కరెంటుతో వేడెక్కే గ్లో ప్లగ్ పెడతారు. డ్యాష్‌బోర్డు మీద స్ప్రింగు బొమ్మ లైటు వాటిదే. నా బండిలో అది రోజూ వెలిగి ఆరిపోయేది, అందుకే అటువైపు ఎవరి అనుమానమూ పోలేదు. అతను టెస్ట్ ల్యాంపుతో రిలే నుంచి కరెంటు వస్తోందని చూసి, వైరు తీసి ఒక్కో ప్లగ్గునూ విడిగా కొలిచాడు. రెండు దాదాపు ఒక ఓమ్ చూపించాయి. మిగతా రెండింటికి మీటరులో అంకే రాలేదు, లోపల తెగిపోయాయి.

విప్పేటప్పుడు మాత్రం ఇంజిన్‌ని వేడెక్కించాడు. చల్లగా ఉండగా బలం పెడితే ప్లగ్ విరిగి హెడ్‌లో ఇరుక్కుంటుందట. ఒక్కోదానికీ నూనె కొట్టి, కాస్త ఆగి, పానాతో కొంచెం తిప్పి మళ్లీ వెనక్కి తిప్పుతూ తీశాడు. ఆ ఓపిక చూసి తీరాలి. అన్నీ ఒకే వయసువని నాలుగూ మార్చాడు. పాతవి చేతికిచ్చాడు.

ఇప్పుడు ఎంత చలిలోనైనా స్ప్రింగు లైటు ఆరాక ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది, పొగ లేదు.

లోటు లేకపోలేదు. స్పేర్లు షెడ్డులో ఉండవు, నర్సీపట్నం నుంచి తెప్పిస్తాడు, కాబట్టి ఆగాలి. సరైన బిల్లు ఇవ్వడు, ఇది నాకు నచ్చలేదు. అయినా చలి కంప్లయింట్ అయితే నేను ఇక్కడికే వెళ్తాను. మీరూ వెళ్తే సాయంత్రమే బండి అప్పజెప్పి రండి, పొద్దున్నే మొదటి సెల్ఫ్ అతని ఎదురుగానే కొట్టండి.