400 మీటర్ల అమ్మాయికి కొన్న స్పైక్స్: మూడు నెలలు వాడాక

హనుమకొండ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో పీఈటీగా పనిచేస్తున్నాను. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి 400 మీటర్లు పరిగెడుతుంది. మొన్నటిదాకా మట్టి గ్రౌండ్‌లో వట్టి కాళ్లతోనే. ఈసారి పోటీలు సింథటిక్ ట్రాక్ మీద అనేసరికి 2,300 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో స్పైక్స్ (అడుగున పట్టు కోసం చిన్న పిన్నులుండే పరుగు బూట్లు) తెప్పించాను. మన దేశంలో తయారైన జతే.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. 100 మీటర్ల స్పైక్స్ అడుగుభాగం చెక్కలా బిర్రుగా ఉంటుంది, మడమ కింద మెత్తదనం దాదాపు ఉండదు. 400కి అవి కొనకండి. మొదట్లో అందరూ మునివేళ్ల మీదే పరిగెడతారు. 300 దాటాక కాళ్లు బరువెక్కి మడమ నేలకు దిగుతుంది. చివరి వందలో వేగం పెంచేవాళ్లు ఉండరు, తక్కువ తగ్గినవాళ్లే గెలుస్తారు. ఈ జతకు మడమ కింద పలచటి ఫోమ్ ఉంది, ముందు భాగం కూడా చేత్తో కొంచెం వంచగలిగేలా ఉంది. చివరి మలుపు దాటాక కూడా మా పిల్ల అడుగు తడబడలేదు. అందుకే నాకు నచ్చింది. మట్టి మీద 68 సెకన్లు పట్టేది, ట్రాక్ మీద 65లో వచ్చింది. అంతా బూట్ల గొప్పే అనను, ట్రాక్ కూడా కలిసొచ్చింది.

పెట్టెలో 6 మిల్లీమీటర్ల పిన్నులు వచ్చాయి. సింథటిక్ మీద 9 మిల్లీమీటర్లు దాటకూడదని నిబంధన కాబట్టి ఇబ్బంది లేదు. కానీ రెండో వారానికే రెండు పిన్నులు ఊడిపోయాయి. కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేస్తే గానీ కొత్తవి పంపలేదు. ఇప్పుడు ప్రాక్టీస్ అయ్యాక పాత టూత్ బ్రష్‌తో మట్టి దులిపి, పిన్నులు బిగించే చిన్న రెంచ్‌తో మళ్లీ బిగిస్తున్నాం.

ఇంకో లోపం వెడల్పు. మలుపులో ఎడమకు ఒరిగి పరిగెత్తేటప్పుడు కుడి పాదం బూటు లోపల బయటివైపుకు జరుగుతుంది. మొదటి రోజు లేసు విప్పి చూస్తే కుడి చిటికెన వేలు పక్కన బొబ్బ, సాక్సుకు అంటుకుపోయి ఉంది. "ఏం కాలేదు సార్" అంది కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. పాదం వెడల్పుగా ఉన్న పిల్లలకు, వట్టి కాళ్లతో తిరిగినవాళ్లకు అలాగే ఉంటుంది, ఒక సైజు పెద్దది తీసుకోండి.

మా పిల్లలకు పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన దీప్తి జీవాంజి అంటే ప్రాణం. 2024లో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి టీ20 విభాగంలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగం) అప్పటి ప్రపంచ రికార్డు, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. మన వరంగల్ పిల్లే అని చెబితే చాలు, ఇంకో రౌండ్ వేస్తారు. అలాంటి పిల్లలకు తక్కువ ధరలో సరైన స్పైక్స్ దొరకడం చాలా అవసరం.

ఈ ధరకు అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆర్నెల్లలో ఈ అమ్మాయికి బిగుతైపోతాయి, అప్పుడు ఎనిమిదో తరగతి పిల్లకు ఇస్తాను. తనకిప్పుడే సరిగ్గా సరిపోతున్నాయి, నిన్న తొడిగి చూశాను.