డ్రిప్ కిట్ కొనొచ్చా? మూడుసార్లు వాడాక చెబుతున్నా

కొత్త చేపల్ని ట్యాంకులోకి వదిలే ముందు మన నీళ్లకు అలవాటు చేయడానికి డ్రిప్ కిట్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా, ఆగస్టులో ఒకటి తెప్పించాను, 349 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే పేరు మారుస్తూ పదిమంది అమ్ముతున్న వస్తువు ఇది, ఏది కొన్నా దాదాపు ఇదే వస్తుంది. ఇప్పటికి మూడుసార్లు వాడాను. రెండుసార్లు ప్రాణం లేచొచ్చింది, ఒకసారి చేపలు పోయాయి. ఆ పోవడంలో కిట్ తప్పు లేదు, దాన్ని వాడకూడని చోట నేను వాడాను. అది ఎక్కడో ముందే తెలిసి ఉంటే నాలుగు చేపలు బతికేవి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

పెట్టెలో ఏముంటుందంటే, మీటరున్నర సన్న సిలికాన్ పైపు, ట్యాంకు అంచుకు తగిలించుకునే వంపు తిరిగిన గట్టి ప్లాస్టిక్ గొట్టం, రెండు సక్షన్ కప్పులు, మధ్యలో ఒక వాల్వ్. ఆస్పత్రిలో సెలైన్ పెట్టినప్పుడు నర్సు వేలితో చుక్కలు తగ్గిస్తుంది చూడండి, పని అదే. పైపు ఒక కొస ట్యాంకులో, రెండో కొస కింద బకెట్లో, బకెట్లో కవరుతో వచ్చిన నీళ్లు, ఆ నీళ్లలో కొత్త చేపలు. ఒక్కసారి నోటితో లాగి నీళ్లు రానిస్తే చాలు, ఆ తర్వాత చుక్క చుక్కగా మన ట్యాంకు నీళ్లు వాటి నీళ్లలో కలుస్తాయి.

షాపులో అడిగితే ఎవరైనా ఒకటే చెబుతారు, కవరు అరగంట నీళ్లలో తేలేసి వదిలేయండి సార్, ఏం కాదు అని. తేలేస్తే వేడి మాత్రమే సమానమవుతుంది. కవరు లోపలి నీళ్లు అవే ఉంటాయి. మాది నిజాంపేట, మా అపార్ట్‌మెంట్‌లో ఎక్కువగా బోరు నీళ్లే, టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో ఉప్పులెన్ని కరిగి ఉన్నాయో చెప్పేది, ముంచితే 780 చూపిస్తుంది. అందులో ఆర్వో నీళ్లు కలిపి నా ట్యాంకును 380 దగ్గర ఉంచుతాను. నేను చేపలు తెచ్చుకున్న షాపు నీళ్లు 190. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు బయటి నీళ్లకంటే ఎక్కువ కాబట్టి నీళ్లు ఎప్పుడూ లోపలికి చేరుతూనే ఉంటాయి, కిడ్నీలు వాటిని తోడి బయట పోస్తూనే ఉంటాయి. నీళ్లలో ఉప్పులు ఒక్కసారిగా మారితే ఆ లెక్కంతా తప్పుతుంది. గంటసేపు చుక్కలు వేసినంత మాత్రాన చేప కొత్త నీళ్లకు పూర్తిగా అలవాటు పడిపోదు, అది రోజుల తరబడి జరిగే పని. కాకపోతే మొదటి దెబ్బ మెల్లగా తగులుతుంది. ఆ కాస్త తేడాతోనే చాలా చేపలు గట్టెక్కుతాయి.

మొదటిసారి వాడింది పన్నెండు నియాన్ టెట్రాలకు. షాపు నుంచి ఇంటికి బండి మీద నలభై నిమిషాలు. తెచ్చేసరికి అన్నీ వెలిసిపోయి బూడిద రంగులో ఉన్నాయి, ఆ నీలం గీత ఉందా లేదా అన్నట్టుంది, తోక వైపు ఎరుపైతే అసలు లేదు. కవరును ట్యాంకులో ఇరవై నిమిషాలు తేలేశాను, తర్వాత నీళ్లతో సహా బకెట్లోకి వంచి డ్రిప్ మొదలుపెట్టాను. మా అమ్మాయి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టింది, సెకనుకు మూడు. ఆ వేగానికి ఎన్ని నీళ్లు వస్తాయో తెలుసుకుందామని తర్వాత కొలగ్లాసు పెట్టి చూస్తే గంటకు దాదాపు ముప్పావు లీటరు వచ్చాయి. కవరులో ఉండేది అర లీటరు, ముప్పావు లీటరు కాబట్టి గంటలో నీళ్లు రెట్టింపు అవుతాయన్న మాట. రెట్టింపయ్యాక సగం పారబోసి ఇంకో అరగంట నడిపాను.

ముప్పావుగంట దగ్గర గది లైటు ఆర్పేసి, ఫోన్ వెలుగు పక్కకు తిప్పి, ఇద్దరం బకెట్ పక్కన కూర్చున్నాం. "నాన్నా, ఇది ఎర్రబడుతోంది చూడు" అంది. నిజమే, ఒకదానికి తోక మొదట్లో సన్నగా ఎరుపు దిగుతోంది, బొట్టు పెట్టినట్టు కాదు, నీళ్లలో కుంకుమ కలిస్తే పరుచుకున్నట్టు. పది నిమిషాల్లో సగం చేపలకు రంగొచ్చింది. అంతసేపూ మూలకు ఒత్తుకుని దవడలు టకటకా కొట్టుకున్నవి విడివిడిగా తిరగడం మొదలుపెట్టాయి. వేడి సరిపోయిందని థర్మామీటరు చెబుతుంది, చేప కుదుటపడిందని మాత్రం రంగూ దవడలూ చెబుతాయి, ఆ రెండూ చూశాకే వలతో తీసి వదిలాను. వారం తర్వాత లెక్కపెడితే పన్నెండుకు పన్నెండూ ఉన్నాయి. అంతకుముందు తేలేసి వదిలే పద్ధతిలో ఇవే నియాన్లు ఎనిమిది తెస్తే నాలుగో రోజుకు మూడు మిగిలాయి.

వలతో తీసి అన్నాను, అది ముఖ్యం. బకెట్లో నీళ్లు ఒక్క గ్లాసు కూడా ట్యాంకులోకి పోయకండి. షాపు ట్యాంకులో ఏముందో, ఏ మందు వేశారో మనకు తెలీదు. తెల్ల మచ్చల జబ్బు తెచ్చే పురుగు ఆ నీళ్లలో ఈదుతూ రావచ్చు.

రెండోసారి కథ వేరు. చెన్నై కొళత్తూరు అంటే ఈ వ్యాపకం ఉన్నవాళ్లందరికీ తెలుసు, రంగు చేపల పెంపకానికీ అమ్మకానికీ దక్షిణాదిలో పెద్ద అడ్డా. అక్కడి నుంచి పది కోరిడోరాలు, అంటే ట్యాంకు అడుగున తిరిగే చిన్న మీసాల చేపలు, బస్ పార్శిల్‌లో తెప్పించాను. ప్యాకింగ్ ఎంత బాగా చేశారంటే థర్మాకోల్ పెట్టె, రెండు పొరల కవరు, మూడో వంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. పంపే ముందు రోజు మేత కూడా ఆపామని చెప్పారు, కడుపు ఖాళీగా ఉంటే నీళ్లు తక్కువ పాడవుతాయి. నా చేతికి వచ్చేసరికి 22 గంటలు. పదీ బతికే ఉన్నాయి, కళ్లు తిప్పుతూ అడుగున కూర్చుని ఉన్నాయి. నేను చాలా జాగ్రత్తగా కవరు విప్పి, బకెట్లో వంచి, నియాన్లకు చేసినట్టే, ఇవి దూరం నుంచి వచ్చాయి కదా ఇంకాస్త మెల్లగా చేద్దామని రెండు గంటల డ్రిప్ పెట్టాను. నలభై నిమిషాలకు రెండు చేపలు పైకి ఎగిరెగిరి గాలి మింగడం మొదలుపెట్టాయి. కోరిడోరాలు మామూలుగానే అప్పుడప్పుడు పైకొచ్చి గాలి తీసుకుంటాయి కాబట్టి నేను పట్టించుకోలేదు. గంట దాటాక ఒకటి పక్కకు ఒరిగింది. తెల్లారేసరికి నాలుగు పోయాయి.

ఎందుకు పోయాయో తర్వాత చదివి, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నాను. చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది. మూసిన కవరులో 22 గంటల అమ్మోనియా పోగుపడింది. అదే సమయంలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ కూడా బయటికి పోలేక నీళ్లలోనే కరిగి పీహెచ్ తగ్గిస్తుంది, అంటే నీళ్లలో పులుపు పెంచుతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అమ్మోనియాలో చాలా భాగం అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది చేపకు పెద్దగా హాని చేయదు. అంటే కవరు మూసి ఉన్నంతసేపు ఆ మురికి నీళ్లే చేపను కాపాడుతున్నాయి. కవరు విప్పగానే ఆ వాయువు ఎగిరిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషం సుమారు పదింతలు. నా ట్యాంకు పీహెచ్ 7.8, నేనేమో ఆ నీళ్లనే చుక్క చుక్కగా కలుపుతూ, అదే మురికిలో వాటిని రెండు గంటలు కూర్చోబెట్టాను. అవి గాలి కోసం ఎగిరినప్పుడే వలతో తీసి మంచి నీళ్లలో వేసి ఉంటే ఎన్ని దక్కేవో అని ఇప్పటికీ బాధేస్తుంది.

ఈ విషయం కిట్ పెట్టె మీద లేదు, లోపలి కాగితంలోనూ లేదు. "అన్ని రకాల చేపలకూ, ఎంత ఎక్కువసేపు చేస్తే అంత మంచిది" అన్న ధోరణిలో రాశారు. నా రివ్యూలో ఒక నక్షత్రం కోసింది ఇందుకే. ఊళ్లో షాపు నుంచి గంటా రెండు గంటల్లో ఇంటికి చేరిన చేపకు ఈ కిట్ బంగారం లాంటిది. రాత్రంతా, పగలంతా కవరులో ప్రయాణం చేసిన చేపకు మాత్రం దీన్ని అటక మీదే ఉంచండి.

మరి పార్శిల్ చేపలకు ఏం చేయాలి? మొన్న జనవరిలో అదే మనిషి దగ్గర ఆరు కోరిడోరాలు మళ్లీ తెప్పించినప్పుడు ఇలా చేశాను. పార్శిల్ వేయకముందే ఫోన్ చేసి ఆయన నీళ్ల టీడీఎస్, పీహెచ్ అడిగాను, వెంటనే కొలిచి చెప్పారు. ముందు రోజే ఒక నలభై లీటర్ల టబ్బులో ఆర్వో నీళ్లు, బోరు నీళ్లు కలుపుకుంటూ ఆ అంకెకు దగ్గరగా తెచ్చి, నా పాత ట్యాంకులో నెలల తరబడి తడిసి, అమ్మోనియాను తినే బ్యాక్టీరియా పట్టిన స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, గాలి ఆడించాను. కవరు వచ్చాక విప్పకుండానే ఇరవై నిమిషాలు టబ్బులో తేలేశాను. తర్వాత విప్పడం, వలలోకి వంచడం, చేపను టబ్బులో వదలడం, మొత్తం నిమిషం కూడా పట్టలేదు. ఆరుకు ఆరూ బతికాయి. అదే టబ్బులో మూడు వారాలు ఉంచి, నీళ్లు మార్చిన ప్రతిసారీ కొంచెం కొంచెం నా ట్యాంకు నీళ్లు కలుపుతూ పోయాను. జబ్బులేమైనా ఉంటే ఆ మూడు వారాల్లో బయటపడతాయి, పాత చేపలకు అంటుకోకుండా ఉంటుంది.

మూడోసారి కిట్ వాడింది డిసెంబరులో, ఎర్ర చెర్రీ రొయ్యలకు. ఇంటికి దగ్గర్లో పెంచే ఒకాయన దగ్గర పాతిక తెచ్చాను, పావుగంట ప్రయాణం. ఈ కిట్ అసలు వీటి కోసమే పుట్టిందేమో అనిపించింది. చేపకన్నా రొయ్య చాలా సున్నితం, నీళ్లు ఒక్కసారిగా మారితే వేళకాని వేళ పొర విడవబోయి, విడవలేక చచ్చిపోతుంది. సెకనుకు ఒక్క చుక్కకు తగ్గించి రెండున్నర గంటలు నడిపాను. మొదట్లో అన్నీ ఒక మూల కుప్పగా, కదలకుండా ఉన్నాయి. బకెట్లో ఒక పాత బాదం ఆకు ముక్క వేశాను. రెండు గంటలకు ఒక ఆడ రొయ్య దాని మీదికెక్కి, ముందు కాళ్లు రెండూ మార్చి మార్చి నోటికి అందిస్తూ ఆకు గీకడం మొదలుపెట్టింది, మన ఇళ్లలో అమ్మమ్మలు బియ్యంలో రాళ్లు ఏరుతున్నంత తీరిగ్గా. అది తినడం మొదలుపెట్టిందంటే భయం పోయినట్టే.

అయితే అప్పుడే ఇంకో లోపం తెలిసింది. డిసెంబరు రాత్రి గది చల్లగా ఉంది. ట్యాంకులో హీటర్ ఉంది, బకెట్‌కు లేదు. చుక్కగా వచ్చే నీళ్లు దారిలోనే చల్లారిపోతాయి. 25 డిగ్రీలతో మొదలుపెట్టిన బకెట్ గంటకు 21కి దిగింది. నీళ్లకు అలవాటు చేయబోయి చలికి గురిచేస్తున్నాం అన్న మాట. వెంటనే బకెట్‌ను కోరిడోరాల థర్మాకోల్ పెట్టెలో కూర్చోబెట్టి, చుట్టూ గోరువెచ్చని నీళ్ల సీసాలు సర్దితే అంకె నిలబడింది. ఇప్పుడు పార్శిల్ పెట్టెలేవీ పారేయడం లేదు.

వాల్వ్ గురించి కూడా చెప్పాలి. కొత్తలో బాగానే ఉంటుంది, కానీ పైపులో గాలి బుడగ చేరిందంటే చుక్కల వేగం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది, పావుగంటకోసారి చూసుకోవాల్సిందే. సక్షన్ కప్పులు నెలకే గట్టిపడి పట్టు వదిలేశాయి, బట్టల క్లిప్పు పెట్టుకుంటున్నా. ఈ సెట్‌లో నిజంగా విలువైనది ఆ వంపు గొట్టం ఒక్కటే, పైపు నలిగిపోకుండా ట్యాంకు అంచు మీద భలే కూర్చుంటుంది. డబ్బు దండగ అనుకునేవాళ్లు షాపులో ఎయిర్ పైపు రెండు మీటర్లు, ఒక వాల్వ్ అడగండి, నాకు మొన్న రెండూ కలిపి 45 రూపాయలయ్యాయి. అంచు దగ్గర నలగకుండా పైపును చేత్తో సర్దుకుంటే చుక్క అదే చుక్క.

ఇంకొకటి. ట్యాంకు కొత్తగా పెట్టి వారం కూడా కాలేదు, చేపలు పోతున్నాయి, ఈ కిట్ కొంటే ఆగుతాయా అని మా కొలీగ్ అడిగాడు. ఆగవు. కొత్త ట్యాంకులో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఎంత మెల్లగా దించినా చేపను దించేది విషంలోకే. అలాగే ట్యాంకు నీళ్లు నల్లా నుంచి పట్టినవైతే యాంటీ క్లోరిన్ ముందే వేసి ఉండాలి, క్లోరిన్ ఉన్న నీళ్లు చుక్కలుగా పోసినా మొప్పలు కాలతాయి.

మొత్తం మీద ఐదుకు నాలుగు ఇస్తున్నాను. అమ్మేవాళ్లు ఎవరైనా ఇది చదివితే పెట్టెలో కాగితం మీద ఒక్క వాక్యం చేర్చండి, దూర ప్రయాణం చేసి వచ్చిన కవరుకు ఇది వాడొద్దని. ప్రస్తుతం నా కిట్ రొయ్యల ట్యాంకు అంచున తగిలించే ఉంది. ఆదివారం నీళ్లు మార్చినప్పుడు స్టూలు మీద బకెట్ పెట్టి, కొత్త నీళ్లు దాని ద్వారానే చుక్కలుగా దించుతున్నాను. మూడు ఆడ రొయ్యలు కడుపు కింద గుడ్లు మోస్తున్నాయి.