సినిమాలో చూసిన బెల్‌ఫాస్ట్ బెల్‌ఫాస్ట్‌లో లేదు

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో దిగిన మర్నాడే మా బావమరిది కిల్మెయిన్‌హామ్ జైలుకు తీసుకెళ్ళాడు. "నీ బెల్‌ఫాస్ట్ సినిమాలు చూడాలంటే ఇక్కడే మొదలెట్టాలి బావా" అన్నాడు. బెల్‌ఫాస్ట్ ఉన్నది ఉత్తర ఐర్లండ్‌లో కదా, వెటకారం అనుకున్నాను. కాదు. 1993లో వచ్చిన 'ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్'లో బాంబు కేసుల్లో అన్యాయంగా ఇరుక్కున్న తండ్రీకొడుకులు మగ్గిపోయే ఇంగ్లండ్ జైలు నిజానికి ఈ డబ్లిన్ జైలే. సినిమా మొదట్లో సైన్యానికీ జనానికీ మధ్య రణరంగంలా కనిపించే బెల్‌ఫాస్ట్ వీధుల్ని కూడా డబ్లిన్‌లోనే తీశారు. సినిమాలో తండ్రీకొడుకులు ఒకే గదిలో ఉంటారు. అసలు జైల్లో వాళ్ళను అలా ఉంచలేదు. తండ్రి 1980లో ఖైదీగానే పోయాడు, కొడుకు 1989లో నిర్దోషిగా బయటికొచ్చాడు. జైలు టికెట్లు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోండి, అప్పటికప్పుడు వెళ్తే దొరకడం కష్టం. మూడు అంతస్తుల గదులు, పైన అద్దాల కప్పు ఉన్న తూర్పు భాగం చూస్తే చాలు, టికెట్ డబ్బులు వచ్చేసినట్టే.

నాకు ఐర్లండ్ గొడవల సినిమాల పిచ్చి లాక్‌డౌన్‌లో పట్టుకుంది. 1998 దాకా సాగిన ముప్పై ఏళ్ళలో 3,500 మందికి పైగా చనిపోయిన ఆ కాలాన్ని అక్కడివాళ్ళు 'ట్రబుల్స్' అంటారు, ఏదో ఇంట్లో చిన్న ఇబ్బంది వచ్చినట్టు. క్యాథలిక్, ప్రొటెస్టెంట్ అన్న పేర్లు వినిపిస్తాయి కానీ గొడవ దేవుడి గురించి కాదు. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌తో ఉండాలా, మిగతా ఐర్లండ్‌తో కలవాలా అన్నది అసలు తగువు. మొదటిది ఎక్కువమంది ప్రొటెస్టెంట్ల మాట, రెండోది ఎక్కువమంది క్యాథలిక్కుల మాట.

వెళ్ళేముందు వీసా మాట. మా బావమరిది ఐదేళ్ళుగా డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, అయినా ఉత్తరానికి వెళ్ళాలంటే బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాల్సిందే. ఇండియా నుంచి వెళ్ళే మాలాంటి వాళ్ళకు రెండు దేశాలకూ పనికొచ్చే ఉమ్మడి పథకం ఉంది. వీసా మీద 'బీ ఐ వీ ఎస్' అని ముద్ర ఉండాలి, ఏ దేశం ఇస్తే ముందు ఆ దేశంలోనే దిగాలి. సరిహద్దు దగ్గర గేటూ లేదు, కౌంటరూ లేదు. రోడ్డు పక్క బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్ళుగా మారతాయి, అంతే. గేటు లేదని వీసా లేకుండా బస్సెక్కకండి. తిరుగు ప్రయాణంలో మా బస్సు ఆపి పాస్‌పోర్టులు చూశారు.

బెల్‌ఫాస్ట్‌లో యూరోపా హోటల్లో దిగుదామని నా సరదా. 1971లో తెరిచారు, ముప్పైకి పైగా సార్లు బాంబు దాడులు జరిగాయి, విలేకరులంతా అక్కడే ఉండేవాళ్ళు. రేటు చూసి మా ఆవిడ "లాబీలో కాఫీ తాగొద్దాం" అంది. అదే చేశాం, బాగుంది. ఎదురుగా ఉన్న క్రౌన్ బార్‌లో చెక్క గదులు, రంగుటద్దాలు తప్పక చూడండి. 1947 నాటి 'ఆడ్ మ్యాన్ ఔట్'లో ఇదే బార్ కనిపిస్తుంది, కానీ అదీ స్టూడియోలో వేసిన సెట్టేనట! మనం నవ్వక్కర్లేదు, మన సినిమాల్లో ఊళ్ళు ఎన్నిసార్లు రామోజీ ఫిల్మ్ సిటీలో వెలిశాయో మనకు తెలియదా.

బస యూనివర్సిటీ వైపు ఒక గెస్ట్‌హౌస్‌లో. గది శుభ్రం, దుప్పట్లు శుభ్రం. ఫోటోలో కనిపించిన కిటికీ మాత్రం పక్కింటి గోడకు తెరుచుకుంది. పొద్దున మాంసం వద్దంటే బంగాళాదుంప రొట్టె, సోడా రొట్టె, పుట్టగొడుగులు పెట్టారు. మా ఆవిడ సంచీలోంచి గోంగూర పచ్చడి తీస్తే గెస్ట్‌హౌస్ ఆవిడ కూడా రుచి చూసి, నీళ్ళు తాగి, మళ్ళీ కొంచెం అడిగింది.

ఇక్కడ డబ్బు పెట్టాల్సింది బ్లాక్ టాక్సీ టూర్‌కి. గొడవల రోజుల్లో బస్సులు తగలబెడుతుంటే సర్వీసులు ఆగిపోయాయి. అప్పుడు లండన్ నుంచి పాత నల్ల టాక్సీలు కొనుక్కొచ్చి షేర్ ఆటోల్లా నడిపారు. ఇప్పుడు అవే టూరిస్టుల్ని తిప్పుతున్నాయి. మేం ముగ్గురం, టాక్సీ మొత్తానికి ఒకే రేటు. డ్రైవర్ ఏ పక్క మనిషో మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది, తప్పేమీ లేదు, కానీ తెలుసుకుని వినాలి. వీలైతే నడక టూర్ కూడా చేయండి. సగం దారి ఒక పక్క మాజీ ఖైదీ, మిగతా సగం రెండో పక్క మాజీ ఖైదీ చెప్పే టూర్లు ఉన్నాయి. గోడ దగ్గర మనల్ని ఒకరు మరొకరికి అప్పగిస్తారు. మా ఇద్దరు గైడ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలూపారు, మాట మాత్రం లేదు.

ఫాల్స్ రోడ్ నుంచి లోపలికి తిరిగితే క్లోనార్డ్ పేట. వీధుల పేర్లు చూసి మా ఆవిడ బోర్డులన్నీ ఫోటోలు తీసింది: కాశ్మీర్ రోడ్, లక్నో స్ట్రీట్, కాన్పూర్ స్ట్రీట్, బొంబాయి స్ట్రీట్. బ్రిటిష్ సామ్రాజ్యం పెట్టిన పేర్లు. 1969 ఆగస్టు 15న అల్లరి మూక క్యాథలిక్ కుటుంబాలు ఉండే ఆ బొంబాయి స్ట్రీట్‌ను తగలబెట్టింది. మన జెండా పండగ రోజు అని అప్పుడే తట్టింది. ఆ తర్వాతే రెండు పేటల మధ్య కంచె లేచింది, అదే ఈనాటి 'పీస్ వాల్'. కింద కాంక్రీటు, దాని మీద రేకు, ఆపైన ఇనుప వల. తర్వాత తర్వాత ఎత్తు పెంచిన గోడ. ఇళ్ళ పెరట్లలో పైన కూడా వల కప్పి ఉంది, రాళ్ళు పడకుండా. సాయంత్రమైతే కొన్ని గేట్లు మూసేస్తారు. శాంతి ఒప్పందం 1998లో జరిగింది, గేట్లు ఇప్పటికీ మూస్తున్నారు. డ్రైవర్ మార్కర్ పెన్ను ఇచ్చి గోడ మీద సంతకం చేయమన్నాడు. అందరూ చేస్తున్నారు. నాకు చేయబుద్ధి కాలేదు. అవతల ఎవరిదో వంటగది.

1969 ఆగస్టులో మొదలయ్యే కెనెత్ బ్రానా 'బెల్‌ఫాస్ట్' (2021) వీధి ఎక్కడ అని డ్రైవర్ని అడిగాను. "ఇంగ్లండ్‌లో, ఒక విమానాశ్రయం దగ్గర" అన్నాడు. అవును, ఫార్న్‌బరోలో సెట్. దారి తప్పిన సైనికుడి కథ '71' (2014) బ్లాక్‌బర్న్, లివర్‌పూల్ వీధుల్లో తీశారు. కారణం సింపుల్, ఆనాటి ఇళ్ళు ఇక్కడ మిగల్లేదు. 'సే నథింగ్' (2024) సిరీస్ తొమ్మిది ఎపిసోడ్లలో కీలకమైన డివిస్ ఫ్లాట్లు కూడా కూల్చేశారు. పదిమంది పిల్లల తల్లి జీన్ మెకాన్‌విల్‌ను బ్రిటన్ మీద పోరాడిన సాయుధ దళం ఐఆర్‌ఏ 1972 డిసెంబరులో ఎత్తుకెళ్ళింది అక్కడినుంచే. ఒక్క టవర్ నిలబడి ఉంది, బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి. ఐఆర్‌ఏ ఖైదీల నిరాహార దీక్ష మీద వచ్చిన 'హంగర్' (2008) మాత్రం ఉత్తర ఐర్లండ్‌లోనే తీశారు. ఆ దీక్ష చేసిన ఖైదీ బాబీ శాండ్స్ 66 రోజుల తర్వాత చనిపోయిన మేజ్ జైలులోకి జనాన్ని రానివ్వరు. ఆ స్థలంలో ఇప్పుడు ఏటా వ్యవసాయ ప్రదర్శన పెడతారు, ఆవులూ గొర్రెలూ వస్తాయి.

గోడకు అవతల ప్రొటెస్టెంట్ల పేట షాంకిల్ వైపు గైడు చెప్పినది నాకు గుచ్చుకుంది. "మీరు చూసినవన్నీ వాళ్ళ సినిమాలే" అన్నాడు. 1993 అక్టోబరులో చేపల దుకాణంలో బాంబు పేలి తొమ్మిది మంది, బాంబు పెట్టినవాళ్ళలో ఒకడు చనిపోయిన చోటు చూపించాడు. నా జాబితా గుర్తు చేసుకుంటే, బ్రానా సినిమా పక్కన పెడితే, అతనన్నది చాలావరకు నిజమే.

ఉత్తర ఐర్లండ్‌లోనే మరో ఊరు డెర్రీకి బెల్‌ఫాస్ట్ నుంచి రైల్లో వెళ్ళండి, రెండు గంటలు. కుడివైపు కూర్చోండి. క్యాసిల్‌రాక్ దాటాక రెండు సొరంగాలు, ఆ వెంటనే సముద్రం. టికెట్ మీద ఊరికి రెండు పేర్లుంటాయి. ఒక పక్కవాళ్ళు డెర్రీ అంటారు, రెండో పక్కవాళ్ళు లండన్‌డెర్రీ. మీరు ఏదన్నా ఎవరూ కొట్టరు, కానీ గమనిస్తారు.

రెండింటిలో ఒక్కటే చూడాలంటే నేను డెర్రీనే చెప్తాను. 1619లో పూర్తయిన కోటగోడ మీద ఊరంతా చుట్టి రావచ్చు, ఒక మైలు, పైసా ఖర్చు లేదు. గోడ మీంచి చూస్తే కింద బాగ్‌సైడ్ పేట. 1972 జనవరి 30న ఊరేగింపులో ఉన్న జనం మీద బ్రిటిష్ సైన్యం జరిపిన కాల్పుల్లో 13 మంది అక్కడికక్కడే పోయారు, తర్వాత మరొకరు. పాల్ గ్రీన్‌గ్రాస్ 'బ్లడీ సండే' (2002) చూసి వెళ్ళాను కాబట్టి ప్రతి మూలా తెలిసినట్టే అనిపించింది. ఆ సినిమా చాలావరకు డబ్లిన్‌లోని బాలీమన్‌లో తీసిందని మా వాడు గుర్తుచేస్తే కోపమొచ్చింది. ఫ్రీ డెర్రీ మ్యూజియం చిన్నది, గంటన్నర సరిపోతుంది. ఆ కాల్పుల మధ్య క్యాథలిక్ ఫాదర్ ఒకరు ఊపుతూ నడిచిన తెల్ల చేతిరుమాలు అక్కడుంది. అక్కడ పనిచేసినవాళ్ళలో ఆ రోజు పోయినవాళ్ళ బంధువులున్నారు. మేం మాట్లాడకుండా బయటికొచ్చాం.

వెంటనే టీవీ కామెడీ సిరీస్ 'డెర్రీ గర్ల్స్' గోడ బొమ్మ దగ్గరికి వెళ్ళడం తప్పా అనిపించింది. కానీ వెళ్ళాం, ఆర్చర్డ్ స్ట్రీట్‌లో. అమ్మాయిలు గుంపులుగా సెల్ఫీలు. నన్నడిగితే ఈ గొడవల మీద వచ్చినవాటిలో అన్నిటికన్నా నిజాయితీ ఉన్నది ఈ కామెడీయే, బాంబు వల్ల వంతెన మూసేస్తే స్కూలు బస్సు ఆలస్యం అవుతుందని తిట్టుకునే జనాన్ని చూపించింది. అందులో రెండు మతాల పిల్లలు తేడాలు రాసిన నల్లబల్ల బెల్‌ఫాస్ట్‌లో అల్‌స్టర్ మ్యూజియంలో పెట్టారు, ప్రవేశం ఉచితం. ప్రొటెస్టెంట్లు టోస్టర్‌ను అల్మరాలో పెడతారట. అది చదివి మా ఆవిడ నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది.

ఖర్చు విషయంలో చివరగా ఒకటి. ఇక్కడి బ్యాంకులు సొంత పౌండ్ నోట్లు అచ్చేస్తాయి. వెళ్ళేలోపు ఖర్చుపెట్టేయండి. నా పర్సులో ఒక ఇరవై మిగిలిపోయింది, డబ్లిన్‌లో యూరోలే నడుస్తాయి, లండన్‌లో ఇస్తే కొన్ని షాపుల్లో అటూ ఇటూ తిప్పి చూస్తారట.